అమ్మేసిన పాట

వాన మొదలై ఫిల్మ్‌నగర్ రోడ్డు మీద తడిమట్టి వాసన లేస్తే చాలు, ఆ పాట నా నోట్లోకి వచ్చేస్తుంది.

"పైసలిస్తే గొడుగొస్తది, వానొస్తదా?"

నాన్న రాసిందే. సాఫ్ట్‌వేర్ వాళ్ళొచ్చి కృష్ణానగర్‌లో మా ఇంటి కిరాయి పెరిగిన ఏడు, దాన్ని ఇంకో రచయిత పేరు మీద సినిమాకు అమ్మేశాడు. ఆ డబ్బుతోనే నాకో పసుపు గొడుగు కొన్నాడు. విప్పితే గదంతా పసుపు వెలుగు.

తొలి వాన రోజు అమ్మ వంట చేస్తూ ఆ పాటే అందుకుంది. పరుగెత్తుకెళ్ళి ఆమె నోరు మూశాను.

"పాడకు! అమ్మేసినం కదా, ఇంక మనది కాదు."

గడ్డం గీసుకుంటున్న నాన్న నవ్వాడు. "పాటను ఎవరన్న కొనగలరా బిడ్డా?"

ఆ మాటన్న నాన్న మళ్ళీ దాన్ని పాడగా నేను వినలేదు.

ఇప్పుడు ఊరంతా పాడుతుంది. నేను మాత్రం ఇప్పటికీ చుట్టూ చూసి పాడతాను.