వేదవతి గారి పనిచేసే కంప్యూటర్

చిక్కడపల్లి గ్రంథాలయం వెనుక సందులో, మొదటి అంతస్తులో వేదవతి గారి ఇల్లు. హాల్లోకి అడుగుపెట్టగానే కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటర్. కొన్నప్పుడు తెల్లగా ఉన్న దాని పెట్టె ఇప్పుడు పాత పత్రిక రంగుకు తిరిగింది. ఏటా ఆయుధ పూజనాడు ఆమె పెట్టిన కుంకుమ బొట్లు ఒకదాని మీద ఒకటి పడి, తుడిచినా పోని మచ్చ కట్టాయి. కోడలు మాధురి కన్ను చాలాకాలంగా ఆ మూల మీదనే ఉంది. వంటింట్లో ఇమడని ఫ్రిజ్‌ను అక్కడికి చేర్చాలని ఆమె కోరిక. ఆ మాట ఆమె అత్తగారి ముందు ఏనాడూ నోరు తెరిచి అనలేదు. ఊడ్చేటప్పుడు మాత్రం ఆ బల్ల కాళ్లకు చీపురు కొంచెం గట్టిగా తగిలేది.

వేదవతి గారి బతుకంతా టైపుతోనే గడిచింది. ఇంటర్ చదివే రోజుల్లో నారాయణగూడలోని ఒక ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కి తెలుగు లోయర్, ఆ పైన హయ్యర్ పరీక్షలు గట్టెక్కారు. తెలుగు మిషను మీద అక్షరాన్ని ముక్కలు ముక్కలుగా కట్టుకోవాలి. హల్లుకు ఒక మీట, తలకట్టుకు ఒకటి, గుడికి ఇంకొకటి, కింద ఒత్తుకు మరొకటి. ఆ విద్యతోనే సర్కారు కొలువు వచ్చింది, ఆ కొలువుతోనే భర్త పోయిన తరువాత కొడుకు ఫణీంద్ర చదువు సాగింది. ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చినప్పుడు తోటి టైపిస్టులు పరేషాన్ అయ్యారు గానీ, పాత మిషను మీటల వరుసతోనే నడిచే తెలుగు సాఫ్ట్‌వేర్ ఒకటి ఉన్నదని తెలిశాక ఆమెకు ఏ బెంగా లేకపోయింది. పదవీ విరమణ చేసిన నెలలోనే ఈ కంప్యూటర్‌ను, ఆ సాఫ్ట్‌వేర్‌ను సొంతానికి కొనుక్కున్నారు.

సాఫ్ట్‌వేర్‌తో పాటు బొటనవేలంత ముక్క ఒకటి ఇచ్చారు. దానిని అందరూ తాళం అనేవారు. కంప్యూటర్ వెనుక, పూర్వం ప్రింటర్ తీగ తగిలించే వెడల్పాటి చోట దానిని గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. దొంగ కాపీలు చేయకుండా కంపెనీ చేసుకున్న ఏర్పాటది. ఆ కంపెనీ మూతపడి ఏళ్లు గడిచాయి. కంప్యూటర్ బిల్లు, తాళం రసీదు, వారంటీ కాగితం, చివరికి కంపెనీ చిరునామాకు పంపగా తిరిగివచ్చిన రిజిస్టర్డ్ ఉత్తరం కూడా వేదవతి గారి రేకు పెట్టెలో భద్రంగా ఉన్నాయి.

ఆ బల్ల దగ్గర కూర్చుని ఆమె ఎందరి పుస్తకాలో కూర్చి పెట్టారు. ఇప్పుడు చేతిలో ఉన్నది రాఘవేందర్ సార్ పుస్తకం. నల్లకుంటలో ఉండే ఆ విశ్రాంత తెలుగు అధ్యాపకుడు నగరంలో పూడిపోయిన దిగుడు బావుల చరిత్రను తన చేతిరాతతో, మూడు కట్టల కాగితాల మీద రాసుకున్నారు. ఆ రాత చదవగలిగినవారు ఊళ్లో ఇద్దరే ఉన్నారనీ, అందులో తాను ఒకడో కాదో సందేహమనీ ఆయనే నవ్వేవారు. మొదట అశోక్‌నగర్‌లో ఒక డీటీపీ షాపుకు ఇస్తే, వాళ్లు బావులన్నింటినీ బాపులు చేసి తిరిగి ఇచ్చారు. ఉగాదికి పుస్తకం రావాలి. ఆయనకు చూపు మందగిస్తోంది, వచ్చిన పుస్తకాన్ని స్వయంగా చదువుకోవాలని ఆశ. సగానికి పైగా టైపు అయింది. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది.

ఒక పేరా పూర్తికాకముందే తెర నల్లబడేది. మళ్లీ మీట నొక్కితే లోపల పంకా ఆయాసపడుతూ తిరిగేది. నారాయణగూడలో చిన్న కంప్యూటర్ దుకాణం నడిపే సాగర్ వచ్చి, పెట్టె విప్పి, టార్చి వేసి చూశాడు. ర్యామ్ పెంచవచ్చు, కొత్త రకం డిస్క్ వేస్తే పరుగెత్తుతుంది కూడా. అయితే జబ్బు అక్కడ లేదని, మదర్‌బోర్డు మీది కెపాసిటర్లు ఉబ్బిపోయాయని చెప్పాడు. బోర్డు మారిస్తే తక్కినవన్నీ మార్చాలి. ఆ తాళం గుచ్చే చోటు ఉన్న బోర్డులు ఇప్పుడు తయారు కావడం లేదు.

"అంటే బాగుచేసినా తాళం పెట్టరాదు, కొత్తది కొన్నా తాళం పెట్టరాదు. గంతేనా?" అని అడిగారు ఆమె.

"గంతే అమ్మా. జమానా మారింది. మీరు గూడ జర మారాలె."

"మంచిగ పనిచేసే సాఫ్ట్‌వేరు నాయనా. పైసలు వెట్టి కొన్న. పెట్టెల రసీదున్నది. నేనెందుకు మారాలె?"

సాగర్ లోపలి దుమ్ము ఊది, ఇంకొన్నాళ్లు నడిస్తే నడుస్తుందని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో అదే చర్చ. ఫణీంద్ర రాంనగర్‌లో ఒక బ్యాంకులో పనిచేస్తాడు. తల్లి మీద ప్రేమ ఉన్నవాడే, ఓపిక లేనివాడు. ఇప్పుడెవరూ మీటలతో కుస్తీ పట్టడం లేదని, ఫోనుకు చెబితే అదే తెలుగులో రాస్తుందని అతని వాదం. తల్లికి ఫోను అందించి ఒక వాక్యం చెప్పమన్నాడు. రాఘవేందర్ సార్ కాగితం చూసి ఆమె, 'బావి గట్టున మోట కొట్టే చోట రాయి అరిగి ఉన్నది' అని చదివారు. ఫోను మోటను నోటు చేసింది, గట్టును పట్టు చేసింది. మాధురి నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లింది. తల్లి గొంతు తగ్గించి నిదానంగా చెప్పాలని ఫణీంద్ర సలహా ఇచ్చాడు. నలభై ఏళ్లు అధికారులు గడగడా చెప్పుకుపోతే అక్షరం జారకుండా పట్టుకున్న మనిషికి మాట్లాడటం నేర్పుతున్నాడే అనిపించింది ఆమెకు. నిర్ణయం తనదేనని, ఆలోచించుకుని చెబుతానని మాత్రం అన్నారు.

ఆ నిర్ణయాన్ని ఆమె దాకా రానివ్వలేదు. ఒక ఆదివారం వేదవతి గారు కొన్ని ఊరి పేర్లు సరిచూసుకోవడానికి గ్రంథాలయానికి వెళ్లి, మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి బల్ల మీద నల్లని సన్నని కొత్త కంప్యూటర్, దానికి బంతిపూల దండ, తాజా కుంకుమ బొట్టు. మాధురి హారతి పళ్లెం పట్టుకుని నిలబడింది. ఫణీంద్ర ముఖం వెలిగిపోతోంది. పాతదానిలోని దస్త్రాలన్నీ, ఫొటోలతో సహా, ఒక్కటి పోకుండా పెన్‌డ్రైవ్‌లో దించుకుని ఎక్కించానన్నాడు. పాత పెట్టెను సాగర్ మార్పిడి కింద తీసుకున్నాడట.

ఆమె మొదట బల్ల వెనుకకు వంగి చూశారు. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

"తాళమేది?"

"ఏ తాళమమ్మా?"

"డబ్బ వెనుక గుచ్చి ఉంటది గదరా, బొటనవేలంత."

ఫణీంద్ర భార్య వంక చూశాడు. అతని లెక్కలో కంప్యూటర్ అంటే లోపలి దస్త్రాలు. వాటిని జాగ్రత్తగా దించుకున్నాడు. బయట వేలాడే ముక్క సంగతి అతనికి తోచనే లేదు. ఏదో పాత ప్రింటర్ తాలూకుది అనుకుని దాంతోనే ఇచ్చేశాడు.

కొత్త యంత్రాన్ని తెరిచారు. అది మొదట ఈమెయిల్ అడిగింది, ఆ తరువాత ఫణీంద్ర ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగింది, అన్నీ చెప్పాక ఫణీంద్రకు స్వాగతం పలికింది. ఆమె బల్ల, ఆమె కుర్చీ, ఆమె పని. స్వాగతం మాత్రం కొడుకుకు. ఆ పాత సాఫ్ట్‌వేర్ లేకుండా రాఘవేందర్ సార్ పుస్తకం తెరిస్తే తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు. బావులు లేవు, మోటలు లేవు, ఒక్క తెలుగు అక్షరం లేదు.

ఫణీంద్ర సాయంత్రం వరకు కూర్చుని వాటిని మార్చే వెబ్‌సైటు ఏదో వెతికి పట్టాడు. తెలుగైతే వచ్చింది, ఒత్తులు మాత్రం తమ అక్షరాన్ని వదిలి పక్క అక్షరం కిందికి చేరాయి. అన్నీ దిద్దుకోవడం కంటే మళ్లీ టైపు చేయడం మేలు. ఆ మళ్లీ చేయడం కూడా ఎట్లా? 'బావి' అని రాయాలంటే ఇంగ్లీషులో బి, ఎ, ఎ, వి, ఐ అని కొట్టాలట. అప్పుడు యంత్రం దయతలచి దానిని తెలుగు చేస్తుందట. ఆమె వేళ్లు తమకు తెలిసిన చోట్లకు తామే పోయాయి. తెర మీద అర్థం లేని చెత్త పడింది. వేళ్లను ఒడిలోకి తీసుకున్నారు.

"తెలుగు రాయనీకి ముందుగాల ఇంగ్లీషు రాయాల్నా? మా నాయన వీధి బడిల నాకు గిట్ల నేర్పియ్యలేదురా ఫణీ."

"ప్రాక్టీస్ చేస్తే వస్తదమ్మా. రెండు నెలలు."

"ఉగాది నాకోసం ఆగుతదా?"

ఫణీంద్ర కుర్చీ వెనక్కి జరిపి, నీ మంచికే చేసిన అన్నాడు. మంచికే చేశాడని ఆమెకూ తెలుసు. కోపం పోవడానికి ఆ తెలివిడి ఏమీ ఉపకరించలేదు. చెడ్డ మనసుతో చేసి ఉంటే నాలుగు మాటలన్నా అనేవారు.

రాత్రి రాఘవేందర్ సార్ ఫోను చేసి పని ఎంతవరకు వచ్చిందని అడిగారు. కంప్యూటర్ మారిందని, కొంత ఆలస్యం కావచ్చని చెప్పారు ఆమె. కష్టమైతే ఇంకెవరికైనా ఇద్దామా అమ్మా అన్నారు ఆయన, మొహమాటపడుతూ. వద్దు సార్ అన్న మాట ఆమె నోటి నుంచి అవసరమైన దానికంటే గట్టిగా వచ్చింది.

మరునాడు రేకు పెట్టెలోంచి బిల్లు, తాళం రసీదు, సాఫ్ట్‌వేర్ సీడీ తీసి సంచిలో పెట్టుకుని, కొడుకు చేత సెలవు పెట్టించి, వెంటబెట్టుకుని నారాయణగూడ వెళ్లారు. సాగర్ వారిని చూసి లేచి కుర్చీ వేశాడు. ఆమె ఒప్పుకున్నారనే అతడు అనుకున్నాడట. మార్పిడి బిల్లు నకలు అడిగి చదివారు ఆమె. అందులో ఇట్లా రాసి ఉంది: 'పనికిరాని పాత సిపియు, ఒకటి.'

"నిన్న పొద్దుగాల దాని మీద పని చేసిన. పనికిరానిదని ఎవరు తేల్చిన్రు?"

సాగర్ తల గోక్కున్నాడు. అందరివీ అట్లనే రాస్తం అమ్మా అన్నాడు. ఆ పాత పెట్టె కూడా మిగలలేదు. పొద్దున్నే విప్పి, పనికివచ్చే భాగాలు తీసి తక్కినది పాత ఇనుముకు వేశారు. ఇక మిగిలింది తాళం. దుకాణం మూల తీగల బుట్ట ఒకటి ఉంది. ముళ్లు పడి, పాములపుట్టలా. ఫణీంద్ర ఇస్త్రీ చొక్కాతోనే నేల మీద కూర్చుని వెతికాడు. తల్లి మీద చిరాకు, తన మీద చిరాకు, తీగల మీద చిరాకు. ఒక్కొక్కటి లాగి పక్కన పడేస్తూ చివరికి బుట్ట అడుగున దాన్ని పట్టుకున్నాడు. పైకెత్తి చూపినప్పుడు అతని ముఖంలో నిన్నటి వెలుగు కొంత తిరిగివచ్చింది.

తాళం దొరికింది, పెట్టే చోటు లేదు. సాగర్ మళ్లీ పాత పాటే అందుకున్నాడు. కొత్త బోర్డులకు అది రాదు, నడుమ ఏదో తీగ వేసి చూద్దామన్నా ఈ రకం తాళాలు పని చేయవు. వేదవతి గారు అతడి మాట పూర్తి కానిచ్చి, కొత్తది ఎవరు అడిగారని ప్రశ్నించారు.

"నీ దగ్గర నా దానికంటె పాతది ఉన్నదా?"

సాగర్ నవ్వాడు. తరువాత నవ్వు ఆపాడు. దుకాణం పెట్టినప్పటి నుంచి ఎవరూ అతడిని ఆ మాట అడగలేదు. ఇంకా పాతది అమ్మవచ్చునన్న ఆలోచనే అతనికి రాలేదు. అశోక్‌నగర్‌లో మూతపడిన కోచింగ్ సెంటర్ ఒకదాని కంప్యూటర్లు లోపలి గదిలో అటక దాకా పేర్చి ఉన్నాయి. తెచ్చినప్పటి నుంచి వాటిని ముట్టినవాడు లేడు. ఒక్కొక్కటి దించి, దుమ్ము దులిపి, కరెంటు ఇచ్చి చూశారు. మొదటిది లేవలేదు. తరువాతది లేచి పొగ వాసన కొట్టింది. మరొకటి తాళాన్ని గుర్తించనని మొండికేసింది. ఫణీంద్ర గడియారం చూసుకున్నాడు. ఆమె మాత్రం కుర్చీ జరుపుకుని ఇంకొకటి దించమన్నారు.

మూలన, వెడల్పాటి బూడిద రంగు పెట్టె. దాని ముఖాన ఏ పరీక్షార్థో వైట్‌నర్‌తో రాసుకున్న సీటు నంబరు. అది ఆమె కంప్యూటర్‌కంటే అయిదారేళ్లు పెద్దది. సాగర్ తాళం గుచ్చి, ఆమె సంచిలోంచి తీసిచ్చిన సీడీ పెట్టాడు. పంకా తిరిగింది. తెర మీద గడియారం గుర్తు చాలాసేపు తిరిగి తిరిగి, అదృశ్యమై, తెల్లని పుట తెరుచుకుంది. ఫణీంద్ర పెన్‌డ్రైవ్‌లోంచి రాఘవేందర్ సార్ పుస్తకాన్ని దించాడు. తెర నిండా బావులు. ఒత్తులన్నీ తమ తమ అక్షరాల కిందనే ఉన్నాయి.

వేదవతి గారు నిలబడే మీటల మీద వేళ్లు పెట్టి, ఆగిపోయిన వాక్యం చివర నాలుగు మాటలు కొట్టారు. ఒక్క అక్షరం జారలేదు.

"ఇది ఎన్నాళ్లు నడుస్తదో నేను చెప్పలేను అమ్మా," అన్నాడు సాగర్. "గ్యారంటీ ఇయ్య."

"ఉగాది దాక నడుస్తే చాలు. ఆ తర్వాత మళ్ల వస్త. ఆ లోపలి గదిల ఉన్నయి ఎవరికీ అమ్మకు."

కొత్తది కూడా ఇంట్లోనే ఉంటుందని, సినిమాలు చూసుకోవచ్చని ఫణీంద్ర అన్నాడు. ఫ్రిజ్‌కు మాత్రం ఇక ఆశ లేదని మాధురికి తానే చెప్పుకోవాలని గొణిగాడు. సాగర్ బిల్లు రాసి, చింపి, ఆమె చేతికిచ్చాడు. ఆమె కళ్లజోడు సవరించుకుని చదివి, కాగితాన్ని మళ్లీ అతని ముందు పెట్టారు. 'స్క్రాప్ పాత కంప్యూటర్, ఒకటి' అని ఉంది అందులో.

"పెట్టెల దాచుకునే కాగితం నాయనా. సక్కగ రాయి."

సాగర్ ఫణీంద్ర వంక చూశాడు. ఫణీంద్ర, రాయమన్నట్టు తల ఊపాడు. స్క్రాప్ అన్న మాటను అడ్డంగా కొట్టివేసి, దాని పైన మరో మాట రాసి, పక్కన సంతకం పెట్టి ఇచ్చాడు సాగర్. పాత అన్న మాట మీద ఆమెకు అభ్యంతరం లేదు. 'పనిచేసే పాత కంప్యూటర్, ఒకటి' అని ఉన్న ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తాళం రసీదు పక్కన సంచిలో పెట్టుకుని, ఆటోను పిలవమని కొడుకుకు చెప్పారు.