మైనస్ ఇంటూ మైనస్

నలభై ఏడేళ్ల వయసులో గుర్‌గావ్‌లో మేనేజరు ఉద్యోగం మానేసి, ఢిల్లీలోని మునిర్కాలో ఒక గది తీసుకుని, పదో తరగతి లెక్కల్లో తప్పిన పిల్లలకు పాఠాలు మొదలుపెట్టాను. నా త్యాగానికి నాకే కళ్లు చెమర్చేవి. పిల్లలకు మాత్రం చెమర్చలేదు.

మొదటి వారంలోనే, రెండుసార్లు తప్పిన ఒక తెలుగు నర్సుగారి అమ్మాయి అడిగింది. "అంకుల్, మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది?"

"అది రూలమ్మా," అన్నాను, ఆఫీసులో కిందివాళ్ల నోరు మూయించిన గొంతుతోనే.

"అందరూ అదే చెప్పారు. అందుకే ఫెయిలయ్యాను," అంది హిందీలో, నెమ్మదిగా.

ఇంజినీరింగ్ పట్టా ఉన్న నాకు జవాబు తెలియదు. తెలియదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఇంటికెళ్లి ఏడో తరగతి పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను.

మర్నాడు బోర్డు మీద మైనస్ రెండుని మూడుతో, రెండుతో, ఒకటితో, సున్నాతో వరసగా గుణించాను. మైనస్ ఆరు, మైనస్ నాలుగు, మైనస్ రెండు, సున్నా వచ్చాయి.

"ఇప్పుడు మైనస్ ఒకటితో గుణిస్తే?" అన్నాను.

ఆ అమ్మాయి రెండేసి పెరుగుతున్న వరస చూసి, "ప్లస్ రెండు," అంది. "అచ్ఛా, ఇంతేనా? మరి నిన్నెందుకు చెప్పలేదు?"

"నిన్న నాకూ రాదు," అన్నాను.

ఆఫీసులో ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. అనుంటే ప్రమోషన్లు వచ్చేవి కావు.