మూడు ఊళ్లలో దాచిన ముఖం

నా నోరు మంచిది కాదని మదనపల్లెలో నాతో పనిచేసిన టీచర్లందరికీ తెలుసు. హెడ్‌మాస్టర్లు కూడా నాతో జాగ్రత్తగా మాట్లాడేవాళ్లు. అలాంటిదాన్ని, నిజంగా నోరు చేసుకోవాల్సిన రోజున మాట పడిపోయినట్టు నిలబడ్డాను. ఆ రోజు అనలేకపోయినవన్నీ ఇప్పుడు రాస్తున్నాను. కోపం తగ్గాక రాయమన్నారు తెలిసినవాళ్లు. తగ్గేదాకా ఆగితే నేను పోతాను.

మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయా. చిన్నప్పుడు ఆమెకు అమ్మవారు పోసింది. మశూచి వచ్చిన పిల్లను నిమ్మనపల్లె వైపు నుంచి ఎవరో బండిలో తెచ్చి, ఆసుపత్రి గేటు దగ్గర దించేసి పోయారట. బతికింది. ముఖమంతా గుంటలు గుంటలుగా మచ్చలు మిగిలాయి. ఎడమ కంటి మీద తెల్లటి పొర మిగిలింది. ఒకసారి వచ్చిపోయినవాళ్లకు ఆ జబ్బు మళ్లీ అంటదు కాబట్టి, పెద్దయ్యాక ఆమెను ఆ వార్డులోనే పనికి పెట్టుకున్నారు. మిగతా ఆయాలు గుమ్మం తొక్కడానికి భయపడే చోట మా అమ్మ రోగుల తల ఒళ్లో పెట్టుకుని గంజి తాగించేది.

"నా సర్టిఫికెట్టు నా మొకం మీదనే ఉండాది పాపా" అనేది నాతో. ఒక్క అక్షరం రాని మనిషి. ఆ ముఖమే ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. ఆ జీతంతోనే నన్ను చదివించింది. మా నాన్న నాకు ఊహ తెలిసేలోపే పోయాడు. ఇంట్లో మేమిద్దరమే.

ఫోటో దిగమంటే పనుందని తప్పుకునేది. ఆ కాలంలో రేషన్ కార్డు మీద కూడా ఫోటోలు లేవు. మొత్తానికి ఆమెది ఒకే ఒక్క ఫోటో ఉండేది. ఒక డాక్టరుగారి భార్య తీసింది. అమ్మ వార్డు గుమ్మంలో, చేతిలో పళ్లెం పట్టుకుని, ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు నిలబడి ఉంటుంది. మచ్చలు, తెల్లకన్ను, అన్నీ స్పష్టంగా కనిపించేవి. ఆమె పోయాక దాన్ని ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నాను.

ఇక అక్క సంగతి. సొంత అక్క కాదు. కుప్పం మనిషి. నాకంటే కొంచెం పెద్దది. ఒకే బడిలో ఒకే స్టాఫ్ రూములో పక్కపక్క కుర్చీల్లో సగం జీవితం గడిపాం. ఆమె టిఫిన్ డబ్బాలో నా చెయ్యి, నా డబ్బాలో ఆమె చెయ్యి. మా స్నేహం అమ్మ పోయాక మొదలైంది, అక్క ఆమెను ఫోటోలోనే చూసింది. రిటైరయ్యాక ఆమె పుంగనూరులో ఒక చిన్న మ్యూజియం బాధ్యత తీసుకుంది. రాజులవీ జమీందారులవీ కావు, ఈ చుట్టుపక్కల మామూలు జనం పాత ఫోటోలను స్కాన్ చేసి కంప్యూటర్లో దాచే చోటు అది. నన్ను కూడా లాగింది. ఇంట్లో కూర్చుని ఎవరిని తిడతావు, రా అని.

ఇద్దరం కలిసి బెంగళూరులో ట్రైనింగుకు కూడా వెళ్లాం. అక్కడ చెప్పినవాటిలో రెండు సంగతులు నాకు బాగా నాటుకున్నాయి. స్కాన్ చేసిన అసలు ఫైలును ఎవరూ ముట్టుకోకూడదు. రంగు మార్చాలన్నా, మరక తీయాలన్నా, దానికి ఇంకో కాపీ చేసుకుని ఆ కాపీ మీద చేసుకోవాలి. రెండోది, అసలు ఫైలు కాపీలు మూడు చోట్ల ఉండాలి. ఒక చోట నిప్పంటుకున్నా, ఇంకో చోట దొంగలు పడినా, మూడో చోట మిగులుతుంది. తిరిగొచ్చే రైల్లో అక్క ఈ పాఠాన్నే నాకు మళ్లీ అప్పజెప్పింది. అందుకే పుంగనూరులో మ్యూజియం కంప్యూటరు, కుప్పంలో ఆమె ఇల్లు, మదనపల్లెలో నా బీరువా. నా పట్టుచీరల మధ్య ఒక హార్డ్ డిస్కు. ఏడాదికోసారి అక్క వచ్చి, కొత్త ఫోటోలు చేర్చి, పాతవి చెడిపోకుండా ఉన్నాయో లేదో చూసి వెళ్లేది.

నేను వాల్మీకిపురం, గంగవరం అని తిరిగి, తెలిసినవాళ్ల ఇళ్లలో కూర్చుని, గోడల మీది ఫోటోలు అడిగి తెచ్చేదాన్ని. కాగితాన్ని చెదలు తింటాయమ్మా, కంప్యూటర్లో ఉంటే మీ మునిమనవళ్లు కూడా చూస్తారు అని చెప్పేదాన్ని. అంత ధైర్యంగా చెప్పేదాన్ని.

మా అమ్మ ఫోటో కూడా తీసుకెళ్లాను. ఏళ్ల తరబడి తేమ తగిలి అది ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి ఉంది. ముందు అద్దం మీదనుంచే స్కాన్ చేశాం, బాగానే వచ్చింది. అద్దం తీస్తే ఇంకా బాగా వస్తుందని అక్క అంది. ఇద్దరం మెల్లగా, ఊపిరి బిగబట్టి లాగాం. కాగితం వచ్చింది, ముఖం అద్దానికే ఉండిపోయింది. అద్దాన్ని గీకితే పొట్టు పొట్టుగా రాలింది. నేను నేల మీద కూలబడి ఏడ్చాను. అక్క నా తల నిమిరి, "ఏడవద్దు పాపా. కంప్యూటర్లో ఉండాది కదా. ఇంక అమ్మ యాడికీ పోదు. మూడు ఊళ్లలో ఉంటాది" అంది. ఆ మాట పట్టుకునే ఇంటికొచ్చాను. ఆ రాత్రి నిద్ర కూడా పట్టింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఇంట్లో మనిషి పోతే, ఉన్న ఫోటో పట్టుకుని స్టూడియోకు వెళతారు. స్టూడియోవాడు టచింగ్ చేస్తాడు. చిరిగిన చొక్కా మీద కోటు తొడుగుతాడు. బోసి మెడలో గొలుసు వేస్తాడు. రంగు తేలుస్తాడు. దాన్ని పెద్దది చేయించి దండ వేస్తారు. ఎవరూ దాన్ని అబద్ధమనుకోరు. పోయినవాళ్లకు చేసే మర్యాద అది. బతికినన్నాళ్లూ కోటు కొనివ్వని కొడుకు పోయాక తొడిగిస్తాడని నేను వెక్కిరించేదాన్ని. అక్క నవ్వేది.

మ్యూజియంలో కొత్త హాలు తెరిచిన రోజు నేను పొద్దున్నే బస్సెక్కి పుంగనూరు వెళ్లాను. గుమ్మంలోనే నిలువెత్తు ఫ్లెక్సీ. వార్డు గుమ్మం, పళ్లెం, తల తిప్పిన తీరు, అన్నీ నాకు తెలిసినవే. మనిషే తెలియలేదు. నున్నటి చెంపలు, గోధుమ రంగు, మెడలో గొలుసు, చెవులకు కమ్మలు. రెండు కళ్లూ మిలమిల మెరుస్తూ నన్నే చూస్తున్నాయి. మా అమ్మ నన్ను ఎప్పుడూ రెండు కళ్లతో చూడలేదు.

కింద అక్షరాల్లో మశూచి వార్డులో సేవ చేసిన ఆయా అని ఉంది. ఆ ముఖానికి మశూచి గాలి కూడా సోకినట్టు లేదు. వచ్చినవాళ్లు ఎంత లక్షణంగా ఉందో అనుకుంటూ సెల్ఫీలు దిగుతున్నారు.

అక్క పరుగున వచ్చి నా చేతులు పట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది. "సూస్తివా పాపా, అమ్మ ఎట్లుండాదో. నీకు తెలీకుండా సేయించల్లని ఇన్నాళ్లూ నోరు మూసుకోనుంటి" అంది.

ఫ్లెక్సీ వైపు ఇంకోసారి చూసి, "అక్కా, అసలుది ఉంది కదా?" అని మాత్రం అడిగాను.

"ఉండాది లే. కుప్పంలో ఉండాది. రేపు పోయి సూద్దాం" అంది.

ఆ మాట అంటున్నప్పుడే ఆమెకు తెలుసు, లేదని. ఇదే నేను మింగలేకపోతున్నది.

మరునాడు కుప్పం వెళ్లాం. దారి పొడుగునా పాత బడి కబుర్లు చెబుతూనే ఉంది. ఇంట్లో కాఫీ ఇచ్చింది. ఇంకో గ్లాసు తాగమంది. భోజనం చేశాక చూద్దామంది. నేను లేచి నిలబడితే, అప్పుడు డిస్కు తెచ్చి ల్యాప్‌టాప్‌కు తగిలించింది. అమ్మ ఫైలు తెరిచాను. పేరు అదే, మేము ఆ రోజు పెట్టిన పేరే. ముఖం మాత్రం ఫ్లెక్సీ మీది ముఖం. వెతికాను. ఇంకోటి లేదు.

"అక్కా, ఇదేంది?"

ఆమె చీర కొంగు సర్దుకుంది. "ఫ్లెక్సీ షాపాయప్పకు ఆ ఫైలే ఇస్తిని. సేసినాక పాతది పుంగనూర్లోనూ ఈడా తీసేసినా."

"యాల తీసేసినావు? కాపీ మీద చేయాలని మనిద్దరికీ నేర్పించలేదా?"

"పాతది ఉంటే నువ్వు అదే పెట్టమంటావు. నీ సంగతి నాకు తెలీదా? అమ్మను నలుగురూ సూసి మొకం తిప్పుకుంటే నాకు మనసొప్పలేదు పాపా. మా అమ్మకైనా అట్లే సేయిస్తా."

కంచే చేను మేస్తే అంటారే, అది నాకు ఆ రోజు కుప్పంలో కాఫీ గ్లాసు ముందు అర్థమైంది. ఆమె మరిచిపోయి చేసింది కాదు. తెలియక చేసింది కాదు. నేను ఒప్పుకోనని తెలిసి, పట్టుబట్టడానికి ఏమీ మిగలకుండా చేసింది. తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఇంతకంటే ఏముంటుంది? అయినా నేను గట్టిగా ఒక్క మాట అనలేదు. నాకు ఇంకా ఒక ఆశ ఉంది. మదనపల్లెలో నా బీరువా.

పలమనేరు మీదుగా బస్సులో కూర్చుని ప్రార్థన చేసుకుంటూ వచ్చాను. నా ఇంట్లో, నా తాళం కింద ఉన్నదాన్ని ఎవరు ముట్టుకుంటారు? ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా బీరువా తెరిచాను. డిస్కు చీరల మధ్య భద్రంగా ఉంది. తగిలించి తెరిచాను.

గొలుసు. కమ్మలు. రెండు కళ్లు.

అప్పుడు గుర్తొచ్చింది, హాలు తెరవడానికి కొన్నాళ్ల ముందు అక్క డిస్కు చూడడానికి వచ్చిన రోజు. పుంగనూరు నుంచి తెచ్చిన ఫైళ్లన్నీ దీంట్లోకి ఎక్కించింది. పాతవాటి స్థానంలో కొత్తవి పెట్టమంటారా అని కంప్యూటరు అడిగి ఉంటుంది. అన్నిటికీ సరేనని నొక్కి ఉంటుంది. నేను ఆ సమయంలో వంటింట్లో ఆమెకు ఇష్టమని రాగి సంగటి కెలుకుతున్నాను. వేడివేడిగా వడ్డించాను. మెచ్చుకుంటూ తిని వెళ్లింది.

అక్క శ్రద్ధకు వంక పెట్టలేను. చెప్పినట్టే మూడు ఊళ్లలో, మూడు కాపీలు, ఒక్క చుక్క చెడకుండా ఉన్నాయి. మరో వందేళ్లయినా ఉంటాయి. ఆ మెరిసే కళ్ల ఆడమనిషిని మునిమనవళ్లు కూడా చూస్తారు. మా అమ్మే లేదు.

చాలా రోజులు అక్క ఫోను ఎత్తలేదు. ఆమె మానలేదు. చివరికి ఒకరోజు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మనిషి చిక్కిపోయింది. "నన్ను తిట్టు పాపా, పడతా. మళ్లా మచ్చలు పెట్టియ్యొచ్చంట. షాపాయప్ప సేస్తానన్యాడు. నువ్వు పక్కన కూసోని సెప్తే సాలంట" అంది.

వెళ్లకూడదనే అనుకున్నాను. దొంగ మచ్చలు నాకెందుకు? కానీ ఆశ సిగ్గెరగదు. వెళ్లాను.

పుంగనూరు బస్టాండు దగ్గర చిన్న షాపు అది. ఆయన నడివయసు మనిషి, మర్యాదగా కుర్చీ వేశాడు. పాత ఫైలు తన దగ్గర కూడా మిగల్లేదన్నాడు. గొలుసు తీసేశాడు. కమ్మలు తీసేశాడు. రంగు తగ్గించాడు. ఎడమ కన్ను అని చెప్పాను. ఆయన బాణం గుర్తు జరిపి తెల్లటి పొర కప్పాడు. మరీ తెల్లగా వచ్చిందన్నాను. తగ్గించాడు. కొంచెం, కొంచెమే, అమ్మ తల తిప్పి నా వైపు వస్తున్నట్టనిపించింది.

"ఇంక మచ్చలు. యాడ పెట్టల్లో సెప్పండమ్మా" అన్నాడాయన.

కుర్చీ ముందుకు లాక్కుని వేలు చాచాను. ముక్కు పక్కన ఒకటి లోతుగా ఉండేది. ఏ పక్కన? చెంపల మీద ఉండేవి, కానీ ఎన్ని, ఎంత దగ్గరగా? నుదుటి మీద ఉండేవా? చిన్నప్పుడు ఆ చెంపకు చెంప ఆనించి నిద్రపోయినదాన్ని. జ్వరంలో ఆ ముఖాన్ని కింది నుంచి చూస్తూ పడుకున్నదాన్ని. మచ్చలను మచ్చలుగా ఎప్పుడూ చూడలేదు నేను. అది మా అమ్మ ముఖం, అంతే. ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోటోకు తెలుసు కదా అని, నేను గుర్తుపెట్టుకోలేదు.

ఆయన ఓపికగా ఎదురుచూస్తున్నాడు. నా వేలు నున్నటి చెంప మీద ఆగిపోయింది.

అక్క వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేసింది. "అందాజుగా పెట్టియ్యి పాపా. ఎవురికి తెలుస్తాది" అంది.

చెయ్యి తీయమని అరుద్దామనుకున్నాను. నోరు తెరిచాను కూడా. కానీ ఆ మాటలో తప్పేముంది? ఆ ముఖం ఎరిగినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే, నాకే తెలియడం లేదు.