రెండు రోజుల ఏకాదశి

నగరంలో కొలువు మానేసి రామన్నపేటకు తిరిగొచ్చాక, ఇంటి వెనక గదిలో కూర్చుని సొంతంగా మొబైల్ యాప్‌లు చేసుకుంటున్న రోజులవి. వాటిలో నాకు ప్రాణమైనది తిథుల యాప్. మా భజన మండలి కోసం చేశాను. ఏకాదశి నాడు పొద్దున్నే గంట మోగించి ఈ రోజు ఉపవాసమని చెప్తుంది. అంతకుముందు అందరూ మండలి పెద్దాయనను అడిగేవారు. యాప్ వచ్చాక అడగడం మానేశారు. చుట్టుపక్కల ఊళ్ళ మండళ్ళూ పెట్టుకున్నాయి. దేవుడు నా చేత చేయించుకుంటున్న సేవ అనుకున్నాను.

ఆ వారం ఇంకో యాప్ పనిలో పడి గదిలోంచి బయటికి రాలేదు. అన్నం లోపలికే వచ్చేది. పాపను బడికి దింపడం కూడా నా భార్యే చూసుకుంది. ఒక పొద్దున ఆమె తలుపు దగ్గర నిలబడి, అత్తమ్మ నిన్నటి నుంచి ఏం ముట్టలేదని చెప్పింది. తెర మీది నుంచి చూపు తిప్పకుండా ఊఁ అన్నాను.

కాసేపటికి ఆమె కేక వినబడింది. వెళ్ళి చూస్తే అమ్మ దేవుని అర్రలో గోడకు ఆనుకుని ఉంది. జాకెట్ చెమటకు తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. అమ్మకు షుగర్. ఉపవాసం నాడు అన్నం, నీళ్ళు మానుతుంది గాని గోలీ మానదు. మందు తిండి కిందికి రాదని ఆమె నమ్మకం. రెండు రోజులూ గుక్కెడు తులసి తీర్థంతో వేసుకుంది.

నా భార్య చక్కెర నీళ్ళు నోటి దగ్గర పెడితే అమ్మ పెదవులు బిగించింది.

"నిన్న ఉంటివి గదమ్మా ఉపవాసం," అన్నాను.

"ఇయ్యాల గూడ నీ గంట మోగింది గద కొడుకా."

ఫోన్ చూశాను. నిజమే. సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజు తిథి అని చిన్నప్పటి నుంచి విన్నాను. ఆ ఒక్క మాటే యాప్‌లో రాశాను. ఈసారి ఏకాదశి రెండు సూర్యోదయాలకు ఉంది. అలా వస్తే సంసారులకు మొదటి రోజేనని పెద్దాయన చెప్పేవాడని అప్పుడు గుర్తొచ్చింది. శాస్త్రం నాకు తెలుసనుకుని ఆయనను అడగలేదు.

దేవుని పేరు మీద తప్పు చెప్పించాను. అమ్మ లాంటి వాళ్ళు ఇంకా ఎన్ని ఇళ్ళల్లో ఎండుతున్నారో.

"అది దేవుడు చెప్పింది కాదమ్మా. నేను రాసింది. తప్పు రాసిన."

అమ్మ చక్కెర నీళ్ళ గ్లాసును చేత్తో పక్కకు జరిపింది. "నా తీర్గ ఉన్నోళ్ళు ఏమైతరు మరి? ముందుగాల వాళ్ళకు చెప్పు."

సరిచేసిన యాప్ అందరి ఫోన్లకు చేరాలంటే ఒకటి రెండు రోజులు పడుతుంది. పెద్దాయనకు ఫోన్ చేశాను. నన్నొక్క మాట అడగకపోతివి అని మాత్రం అన్నాడు. అన్ని మండళ్ళకు తాను చెప్తానన్నాడు. అది విన్నాకే అమ్మ నోరు తెరిచింది. సగం నీళ్ళు మెడ మీదికి కారిపోయాయి.

దవాఖానకు ఆటోలో పోతుండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తాలంటే భయమేసింది. నా భార్య భుజం మీద తల పెట్టుకున్న అమ్మ, కళ్ళు తెరవకుండానే, "ఎత్తు" అన్నది.

ఎవరో ఆడమనిషి. యాప్‌లో నా నంబరు చూసి చేసిందట. వాళ్ళ అవ్వ ఎవరు చెప్పినా నీళ్ళు ముడతలేదని ఏడుస్తోంది.

ఫోన్ అవ్వ చెవికి పెట్టమన్నాను.