మూడు వేళ్లతో తెరిచిన కత్తి

ఈ రోజు పటాన్‌చెరు అంగడిలో కత్తి కొన్నాం. చిన్నదే, మడిస్తే గుప్పిట్లో దాగిపోతుంది. ఐటీఐలో వైర్ల పొట్టు తీయడానికి నాకది కావాలి. బటన్ నొక్కితే బయటికి దూకే రకం తెస్తే పోలీసులకు పట్టిస్తానని సార్ ముందే చెప్పారు.

నా భయం సార్ గురించి కాదు, మా నాన్న గురించి, మా బాపు గురించి. కంపెనీలో ప్రెస్ మిషన్ కింద బాపు కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు పోయాయి. అప్పటి నుంచి నన్ను కత్తిపీట కూడా ముట్టనివ్వడు. వద్దంటాడనుకుంటూనే అడిగాను. "నడువ్, నేనొస్త," అన్నాడు.

కత్తులమ్మే చాచా గుడ్డ మీద అన్నీ పరిచాడు. బాపు ఒక్కొక్కటే ఆ మూడు వేళ్ల చేత్తోనే తెరిచి, మూసి, పక్కన పెడుతున్నాడు.

"ఏంది భాయ్, అన్నీ ఒక్కతీరే ఉన్నయ్. పోరనికి నచ్చింది తీస్కోరాదు," అన్నాడు చాచా.

"పోరడు పది వేళ్లతోటి ఇంటికి రావాలె చాచా. నా చెయ్యికి భద్రంగ మూసుకుంటే, వాని చెయ్యికి గూడ మూసుకుంటది."

నల్ల పిడి కత్తి దగ్గర బాపు ఆగాడు. బొటనవేలి గోరుతో ఠక్కున తెరిచాడు, తొడకు ఆనించి మెల్లగా మూశాడు. ఆ చేత్తో అంత నాజూకు పని నేనెప్పుడూ చూడలేదు. అట్లాగే నిలబడిపోయాను.

ఇంటికొచ్చి రెండు వేళ్లు మడుచుకుని నేనూ తెరవబోయాను. ఎంతకీ రాలేదు. మీలో ఎవరికైనా వస్తుందా?