సముద్రపు చుట్టాలకు మంచినీళ్లు

మద్రాసులో నేను చదివేది పురుగుల చదువని ఊరంతా నవ్వింది. ఆ చదువేందో కళ్లకు చూపిస్తేనే మళ్లీ రైలు, లేకుంటే గొర్రెల వెంట పొమ్మని నాయన కబురు పెట్టాడు.

మా పంతులుగారి కాళ్లావేళ్లా పడి మైక్రోస్కోపు అరువు తెచ్చాను. సీసాలో సముద్రపు నీళ్లు పట్టాను. వాటిలో రొయ్యజాతి ప్రాణులు. వాటి పక్కన పెడితే నువ్వుగింజ కూడా గుమ్మడికాయే. వాటి వీపుల మీద, ఒంటికంతా ఒకటే కణమున్న జీవాలు కాడలున్న గంటల్లా అంటుకుని ఉంటాయి. తర్లుపాడు స్టేషన్లో దిగేదాకా సీసా నా ఒళ్లోనే. పెళ్లికూతుర్ని కూడా ఎవరూ అంత భద్రంగా తెచ్చి ఉండరు.

ఇల్లు చేరి ఒక కునుకు తీశాను. లేచేసరికి సీసా తళతళలాడుతోంది.

"ఒకటే ఉప్పు కంపు!" అంది అవ్వ. "ఆ నీళ్లు గుడ్డలో వడగట్టి, నీ పురుగుల్ని మంచినీళ్లలో ఏసినా. ఇంటికొచ్చినోళ్లకు ఉప్పునీళ్లు పోస్తామా?"

మా ఊరి బావులన్నీ ఉప్పే. ఎక్కడో దూరాన ఉన్న ఒక్క మంచినీళ్ల బావికి బయల్దేరిన కొత్తకోడలు, కడవతో తిరిగొచ్చేసరికి మనవరాలికి పెళ్లీడు వచ్చేది. అంతటి నీళ్లు పోస్తే నా చుట్టాలు ఆ మర్యాదకు తట్టుకోలేక ప్రాణాలు విడిచాయి.

"తేరా, చూస్తాం" అన్నాడు నాయన.

చచ్చినదాన్నే చూపిద్దామని గాజుపలక మీద చుక్క వేసి చూశాను. ఏదో చెంగున ఎగిరింది! ఒంటికన్నుది. అవ్వ కడవలోంచి వచ్చిన మా బావి ప్రాణి. దాని వీపు మీదా అవే గంటలు, మూతుల చుట్టూ వెంట్రుకలు ఆడిస్తూ.

నాయన కన్ను ఆనించాడు. వాకిట్లో నీడ పక్కింటికి జరిగేదాకా తియ్యలేదు.

"గొర్రెలకు పట్టే గోమార్లా? నెత్తురు తాగుతాయా?"

"లేదు నాయనా. ఊరికే ఎక్కి తిరుగుతాయి. దారిలో దొరికింది తింటాయి."

"మీ మామ మాదిరి. ఏ సముద్రానివిరా?"

"మన బాయివే" అనేశాను.

"మన బాయిలో ఉండేటికి మద్రాసు ఎందుకురా?"

నా చదువు గొర్రెల మందలో కలిసిపోయిందనుకున్నాను.

"ఇన్నేండ్లు ఆ నీళ్లే తాగితివి గదా," అంది అవ్వ, "ఒక్కనాడన్నా నీకు కనపడినాయా?"

నాయన మళ్లీ కన్ను ఆనించి, లోపలికే నవ్వాడు. "పోనీలే. పోయి చదువుకోపో."

బండెక్కేటప్పుడు అవ్వ సీసా నిండా మంచినీళ్లు ఇచ్చింది. "సముద్రంలో పొయ్యరా. అక్కడి నీ పురుగులు ఉప్పుకు అల్లాడుతుంటాయి, పాపం."

పోశాను. ఆ ఒడ్డున సముద్రం నేటికీ కాస్త తియ్యగా ఉంటుందని నా వాదన.