నూరేండ్లు అరవై కంటె తక్కువైన సంగతి

అరవై తొమ్మిదిల తెలంగాణ ఉద్యమానికి జనగామల మా బడి నెలల తరబడి మూతపడ్డది. నేను అప్పుడు పదో తరగతి. ఊరేగింపులు, హర్తాళ్లు, స్టేషన్ కాడ పోలీసులు. పరీక్షలు ఎప్పుడు పెడ్తరో ఎవరికీ తెల్వదు. ఇంట్ల ఊకె కూసుంటే చూడలేక మా బాపు నన్ను టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌కు తోలిండు. "చదువు మొదలైనప్పుడు చదువుకుందువు, అప్పటిదాక చేతికి ఒక పని రానియ్యి" అన్నడు. ఆ ఏడాది నాకు చదువు రాలేదు గని టైపు వచ్చింది. ఆ టైపు మీదనే ఇంకో రెండు చోట్ల కొలువు చేసి, ఎనభైలల్ల మహబూబాబాద్ చేరిన. మేమంత ఆ ఊరిని మానుకోట అనే అంటం.

అక్కడ ఒక సేవా సంస్థ నడిపే కంటి దవాఖానల నాది టైపిస్టు పని. కొన్నేండ్లకు ఎవరో దాత కంప్యూటర్ కొనిచ్చిండు. దానికో గది, ఆ గదికి చల్లటి గాలి మిషను. చెప్పులు బయట ఇడిచి లోపటికి పోవాలె. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. హైదరాబాద్ నుంచి ఒక సారు నెలకు రెండుసార్లు వచ్చి ప్రోగ్రాం రాసి పోతుండె. ఆయనది కోస్తా దిక్కు. నాకంటె చిన్నోడే గని అందరం సారు అనేటోళ్లం. ఆయన లేని రోజులల్ల ఆ మిషను నా చేతిల ఉండేది.

పని ఏందంటే, మా సర్వే అక్కలు ఊరూరు తిరిగి ఇంటికింత మంది, ఎవరికి చూపు ఎట్లున్నది అని కార్డుల మీద రాసుకొస్తరు. అవి మేము కంప్యూటర్ల ఎక్కిస్తం. చలికాలం రాంగనే అరవై దాటినోళ్లు ఎవరెవరో అది లిస్టు తీస్తది. ఆ లిస్టుల ఉన్నోళ్లకు కాయితం పోతది. క్యాంపుకు వస్తే మా డాక్టరమ్మ చూసి, కంట్ల పొరలు వచ్చినోళ్లను మానుకోటకు తెచ్చి ఆపరేషన్ చేస్తది.

సారు ప్రోగ్రాంల ఏ చిన్న మార్పు చేసినా, అంతకుముందు మంచిగ నడిచింది చెడిపోయిందా లేదా అని చూసే పని నాది. దానికోసమని నేనే ముప్పై కార్డులు తయారు చేసిన. ఉత్తుత్త మనుషులు, ఉత్తుత్త వయసులు. అవి ఎక్కించి లిస్టు తీసి, పాత కాయితం, కొత్త కాయితం పక్కపక్కన పెట్టి, స్కేలు జరుపుకుంట ఒక్కొక్క లైను కలుపుతుంటి. తేడా లేకుంటే కింద సంతకం పెడుదు. రెండేండ్లల్ల ఒక్కసారి తేడా రాలేదు. "మీ పరీక్ష దాటితే నాకు ధైర్యమండీ" అనేటోడు సారు. నాకూ గర్వంగనే ఉండె.

మొదటి ఏడాది ఇంటింటికి పెద్దోళ్ల కార్డులే రాసినం. రెండో ఏడాది పిల్లల కండ్లు కూడ చూడాలని డాక్టరమ్మ అంటే, అందరి కార్డులు రాసినం. ఆ చలికాలం భూపాలపల్లిల క్యాంపు. ఒక బడిల రెండు గదులు అడుక్కున్నం. లిస్టు పట్టుకొని వరండాల మేజ దగ్గర నేను కూసున్న. చుట్టుపక్కల ఊర్ల నుంచి ముసలోళ్లు కట్టె పట్టుకొని, కొడుకుల భుజం పట్టుకొని వస్తున్నరు. పేరు అడిగి టిక్కు పెట్టి లోపటికి పంపుతున్న.

ఘనపూర్ దిక్కు ఒక పల్లె నుంచి ఒకాయన ఒక పిల్లను ఎత్తుకొని వచ్చిండు. పిల్ల ఆయన మెడ గట్టిగ పట్టుకున్నది. ఏడ్చి ఏడ్చి ముఖమంత ఉబ్బింది. ఆయన కాయితం నా ముందల పెట్టిండు.

"మేడం, నా బిడ్డ కండ్లు మంచిగనే ఉన్నయి. సూదిల దారం నాకంటె ముందుగాల ఎక్కిస్తది. ఆపరేషన్‌కు రమ్మని గీ కాయితం ఎందుకొచ్చింది?"

చూస్తే లిస్టుల పిల్ల పేరు ఉన్నది. వయసు ఎనిమిది.

"ఏదో పొరపాటు అయ్యింది అన్నా. పిల్లకు ఆపరేషన్ లేదు" అన్న.

"పొరపాటా? నిన్నటి సంది ఇంట్ల పొయ్యి ముట్టియ్యలేదు. దీని కండ్లు కోస్తరని అవ్వ ఒకతీరుగ ఏడుస్తున్నది. కూలి పోగొట్టుకొని వచ్చిన."

పిల్లకు ఒక బిస్కెట్ పొట్లం ఇచ్చిన. అది తీసుకోలేదు. మధ్యాహ్నం దాక అసొంటి పిల్లలు ఇంకా నలుగురు వచ్చిండ్రు. తల్లిదండ్రుల తోటి మాటలు పడుకుంటనే లిస్టు మొత్తం వెనుకకు తిప్పి చూసిన. ఏడేండ్లోళ్లు ఉన్నరు, ఎనిమిదేండ్లోళ్లు ఉన్నరు, తొమ్మిదేండ్లోళ్లు ఉన్నరు. ఆరేండ్లోళ్లు ఒక్కరు లేరు. పదేండ్లోళ్లు లేరు. ఎక్కిచ్చుట్ల తప్పయితే అన్ని వయసులోళ్లు కలిసి రావాలె గద? గీ మూడే ఎందుకొచ్చినయి?

మానుకోటకు తిరిగి వచ్చేటప్పుడు జీపుల అదే ఆలోచన. తెల్లారి సారు వచ్చిండు. నేను లిస్టు చూపెట్టి ఏడు, ఎనిమిది, తొమ్మిది అనంగనే ఆయన ముఖం మారింది.

"వయసును అక్షరాలుగా పెట్టానండీ" అన్నడు మెల్లగ.

సర్వే అక్కలు వయసు ఖానాల ఒక్కోపారి "తెల్వదు" అని, "డెబ్బై ఉండొచ్చు" అని రాస్తుండ్రి. అంకెల ఖానా అయితే మిషను అవి తీసుకోదు. అందుకని మొదట్లనే ఆయన ఆ ఖానాను అక్షరాల ఖానా చేసిండు. అక్షరాలైతే మిషను నిఘంటువుల మాటలు పేర్చినట్టు పేరుస్తది, మొదటి గుర్తు చూసి పెద్దచిన్న తేలుస్తది. ఎనిమిదిల మొదటి గుర్తు ఎనిమిది. అరవైల మొదటి గుర్తు ఆరు. ఆరు కంటె ఎనిమిది పెద్దది. అట్ల ఆ పిల్ల అరవై దాటిన ముసలామె అయ్యింది.

"చిన్న పొరపాటేనండీ. ఒక్క లైను మారిస్తే సరిపోతుంది" అని ఆయన కుర్చీ జరుపుకున్నడు.

నేను నా ముప్పై కార్డులు తీసిన. ముప్పై ఐదు, నలభై రెండు, అరవై ఒకటి, డెబ్బై మూడు. అన్ని రెండంకెల వయసులే. రెండంకెలు రెండంకెల తోటి పోలిస్తే అక్షరాలైనా అంకెలైనా జవాబు ఒక్కటే వస్తది. రెండేండ్లు నేను సంతకం పెట్టిన పరీక్ష గిది! ఆయన తప్పు ఒక్క లైనుల ఉన్నది, నా తప్పు ముప్పై కార్డులల్ల ఉన్నది.

"సార్, లైను మార్చుడు తర్వాత. ముందుగాల పరీక్ష మారుద్దాం" అన్న. "అంకెను అక్షరం తోటి పోలిస్తే జవాబు చెప్పకుండ ఆగిపోవాలె. ఏ ఖానాల ఆగిందో చెప్పాలె."

ఆయనకు ఇష్టం లేకుండె. అయినా చేసిండు. ప్రతి ఖానాకు ఇది అంకె, ఇది మాట, ఇది తారీఖు అని ఒక కాయితం రాసుకున్నం. రెండు ఖానాలు పోల్చేముందు రెండూ ఒకే జాతివా కాదా అని మిషను చూసుకోవాలె. నేను కొత్త కార్డులు రాసిన. ఎనిమిదేండ్ల పిల్ల, నెలల పిల్ల, నూరేండ్ల ముసలామె, వయసు రాయనోడు, వయసు దగ్గర "తెల్వదు" అని ఉన్నోడు.

ఎక్కించి నడిపిస్తే మొదటి కార్డుకే ఆగింది. అది సరిచేస్తే ఇంకో దగ్గర ఆగింది. తారీఖులు కూడ అక్షరాలే. ఊరి నంబరు ఒక దగ్గర అంకె, ఇంకో దగ్గర అక్షరం. అన్నిటికంటె పెద్ద పరేషాన్ ఏందంటే, వయసు ఖానాను అంకెల ఖానా చేస్తే "తెల్వదు" అని ఉన్న కార్డులు అన్నీ బయటపడ్డయి. బల్ల మీద కుప్ప పోసినట్టు అయ్యింది. అవన్నీ మళ్ల ఇండ్లకు పోయి అడిగి రావాలె.

సారు విసిగిపోయిండు. డాక్టరమ్మ ముందల పంచాయితి పెట్టిండు.

"మేడమ్, ఇంత కఠినంగా పెడితే పని జరగదండీ. వచ్చే వారం టేకుమట్లలో క్యాంపు ఉంది. లిస్టు ఇవ్వాలా వద్దా?"

డాక్టరమ్మ వరంగల్ ఆమె. మాటలు తక్కువ. నా దిక్కు చూసింది. "నువ్వేమంటవు?"

"జర వదులు చేస్తే లిస్టు వస్తది అమ్మా. అది సరైనదని నేను సంతకం పెట్టలేను" అన్న. కొలువు పోతదేమో అనిపించింది.

ఆమె ఇంకొకటి అడిగింది. "పిల్లలు లిస్టుల వచ్చిండ్రు, అది మనకు కనబడ్డది. రావలసినోళ్లు రాకుండ పోయిండ్రా?"

నేను, సారు ఆ లెక్క చూడనే లేదు. రానోళ్లు వచ్చి కొట్లాడరు. నూరుల మొదటి గుర్తు ఒకటి. ఆరు కంటె ఒకటి చిన్నది. మా కొత్త కార్డులల్ల నూరేండ్ల ముసలామె ఉన్నది గని, నిజం కార్డులల్ల అసొంటోళ్లు ఉంటరని ఇద్దరికీ తట్టలేదు.

క్యాంపు వాయిదా పడ్డది. సర్వే అక్కలు నన్ను తిట్టుకుంటనే మళ్ల ఊర్లు తిరిగిండ్రు. నేను రెండేండ్ల కార్డులు అన్నీ బయటికి తీసి నూరు, అంతకు మించి ఉన్న వయసులు వెతికిన. ముగ్గురు దొరికిండ్రు. ఇద్దరు అప్పటికే కాలం చేసిండ్రు. మూడో ఆమె టేకుమట్ల పక్కన పల్లెల ఉన్నది. పోయినేడు రాసిన కార్డు. రెండు కండ్లల్ల పొరలు అని సర్వే అక్క స్పష్టంగ రాసింది.

డాక్టరమ్మ, నేను జీపుల పోయినం. పెంకుటింటి ముందల ముసలామె మంచంల కూసొని ఉన్నది. చెయ్యితోటి ఈగలు కొట్టుకుంటున్నది. కోడలు కుర్చీలు ఏసింది గని ముఖం గంటు పెట్టుకున్నది.

"పోయినేడు ఈ వాడకట్టుల ముసలోళ్లందరికీ కాయితాలు వచ్చినయి. మా అత్తకు రాలేదు. క్యాంపు కాడికి పోయి అడిగితే కంప్యూటర్ల పేరు లేదన్నరు. కంప్యూటర్‌కు మా అత్త మీద ఏం పగ?"

ముసలామె అందుకున్నది. "నూరేండ్లదానికి ఇంక కండ్లెందుకని ఇడిచిపెట్టిండ్రు అనుకున్న బిడ్డా. వాళ్లది గూడ నిజమేనాయె."

ఆ మాట విన్నంక నేను కూసోలేకపోయిన. మంచం పక్కకు పోయి చెప్పిన. "లేదు అవ్వా. నిన్ను ఎవరూ వద్దనుకోలేదు. లెక్క సరిగ ఉన్నదా లేదా అని చూసే పని నాది. నేను సరిగ చూడలేదు. తప్పు నాది."

ఆమె నా దిక్కు తిరిగింది. నా ముఖం ఆమెకు కనబడదు. చెయ్యి చాపి నా మోచెయ్యి పట్టుకున్నది. "మరి ఇప్పుడన్న చూస్తరా?"

డాక్టరమ్మ టార్చి ఏసి చూసింది. చూసుకుంటనే మాటల పెట్టి, పెండ్లి ఎప్పుడయింది, రజాకార్లప్పుడు పిల్లలు ఎంతెంత ఉండె అని అడిగింది. లెక్కలేస్తే ఎనభై దాటవు. "మరి నూరు ఎందుకు చెప్పినవు అవ్వా?" అంటే, "అడిగిన పిల్ల నిలవడి తొందరపెట్టబట్టె. ఏదో ఒకటి పెట్టుకొమ్మని నూరు అన్న" అన్నది. ఎనభై అన్నా పోయినేడే కాయితం పోతుండె. డాక్టరమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కుడి కన్ను పనికి రాకుండ పోయింది. పొర బాగ ముదిరి లోపల ఒత్తిడి పెరిగిందని డాక్టరమ్మ చెప్పింది. పోయినేడు చేస్తే దక్కునా అని నేను జీపుల అడిగిన. "దక్కుతుండెనేమో. గట్టిగ చెప్పలేను" అన్నది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ "ఏమో" నాతోటి చాన దినాలు ఉన్నది.

ఎడమ కన్నుకు మానుకోటల ఆపరేషన్ అయ్యింది. కట్టు ఇప్పే రోజు నేను వార్డుల నిలవడ్డ. మందపు అద్దాలు పెట్టంగనే ఆమె ముందుగాల తన చేతులు చూసుకున్నది, అటు ఇటు తిప్పి. తర్వాత కోడలును చూసి, "గింత చిక్కినవేందే!" అన్నది. కోడలు చెంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నది.

టేకుమట్ల క్యాంపు నెల ఆలస్యంగ జరిగింది. పరీక్షల ఆగవలసిన కార్డుల కాడ మిషను ఆగి, మిగిలినయి సరిగ నడిచినంకనే లిస్టు మీద సంతకం పెట్టిన. పిల్లలు ఒక్కరు రాలేదు. సారు ఆ రోజు నా మేజ కాడికి వచ్చి, "తేడా లేదంటే అంతా బాగున్నట్టే అనుకునేవాణ్ణండీ" అన్నడు. "నేను గూడ గంతే సార్" అన్న. అటెన్క ప్రోగ్రాంల ఏది మార్చినా, దీని తప్పు బయటపెట్టే కార్డు ఒకటి రాసియ్యమని ఆయనే అడుగుతుండె.

ఆ క్యాంపుకు అవ్వ రాలేదు, కోడలు వచ్చింది. తన తల్లిని చూపెట్టుకుందామని తోలుకొచ్చింది. పేరు రాసుకుంట, అత్త ఎట్లున్నది అని అడిగిన.

"ఏం చెప్పాలె అక్కా, కండ్లొచ్చిన కాడి సంది నా పానం తీస్తున్నది. బియ్యంల మెరిగలు ఏరుతది, గిన్నెల మసి చూపెడ్తది, మూలకు బూజున్నదని తిడ్తది. ఇన్నేండ్లు ఏం జేసినవే అంటది."

అనుకుంటనే నవ్వుతున్నది. వెనుక నిలవడ్డ ముసలోళ్లు గూడ నవ్విండ్రు. నేను ఆమె తల్లి వయసు అడిగిన. ఇద్దరు అక్కడ్నే నిలవడి వాదులాడుకొని, ఆఖరుకు అరవై ఆరు అని తేల్చిండ్రు. అంకెలల్ల రాసుకొని లోపటికి పంపిన.